చేయి మారుచు వచ్చిన గ్రంథము

1921వ సంవత్సరపు వేసవిలో, జర్మనీ దేశమున బెర్గ్‌జాబెర్న్ అను చిన్న ఊరిలో స్నేహితురాలి యింట విడిది చేసియుండిన యొక తత్త్వశాస్త్ర విదుషి, ఇంటివారు బయటికి పోయిన యొకనాటి సాయంకాలము, వారి పుస్తకముల బీరువాలో చేతికందినదానిని యథాలాపముగా తీసి చదువ నారంభించి, తెల్లవారువరకు దానిని క్రింద పెట్టలేకపోయెనని ఆమె జీవితచరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. ఆమె పేరు ఎడిత్ స్టైన్. 1891లో బ్రెస్లావు నగరమున యూదుల యింట పుట్టి, చిన్ననాటనే ప్రార్థన విడిచిపెట్టి, హుస్సర్ల్ పండితునికి శిష్యురాలై, పరుల హృదయానుభవము మనకెట్లు తెలియవచ్చునను విషయముపై సిద్ధాంతవ్యాసము వ్రాసి పట్టము పొందిన ఆమెకు ఆ రాత్రి చేజిక్కినది, పదునారవ శతాబ్దమున స్పెయిన్ దేశపు కార్మెల్ మఠవాసినియగు అవిలాపురి పునీత తెరేజమ్మ తన ఆత్మగురువుల యాజ్ఞ మేరకు వ్రాసిన స్వీయచరిత్ర. నిజమైన విశ్వాసమునకై తాను బహుకాలముగా చేయుచున్న వెదకులాట ఆ గ్రంథముతో ముగిసెనని తరువాతి కాలమున ఎడిత్ స్టైన్ తానే చెప్పుకొన్నది.

ఆ పుస్తకము ఆ బీరువాలోనికి ఏ త్రోవన వచ్చినదా యని తలపోయుట నాకొక వ్యసనము. అచ్చుకూటము నుండి అంగడికి, అంగడి నుండి ఇంటికి వచ్చిన త్రోవ అందరికిని తెలిసినదే. ఒక చదువరి గుండె నుండి మరియొక చదువరి గుండెకు వచ్చిన త్రోవ వేరొకటి గలదు.

తెరేజమ్మ మహా చదువరి. బాల్యమున తల్లితో కూడి, తండ్రి కంటబడకుండ, వీరయోధుల కట్టుకథలు రేయింబవళ్లు చదివినది. యౌవనమున జబ్బుపడి వైద్యమునకై పోవుచు దారిలో పినతండ్రి యింట దిగగా, ఆయన ఆమె చేతిలో నుంచిన ఫ్రాన్సిస్కో దె ఒసూనా రచనవలన మౌనప్రార్థన యనునది యొకటి కలదని తెలిసికొన్నది. ఆ వెనుక పదునెనిమిదేండ్లు, సత్ప్రసాదము స్వీకరించిన సమయమున దప్ప, చేత పుస్తకము లేక ప్రార్థనకు కూర్చుండుటకు తనకు ధైర్యము చాలలేదని ఆమె దాపరికము లేక వ్రాసికొన్నది. చెదరు తలపులను కాచుకొనుటకు పుస్తకమామెకు డాలువంటిదట. తీరా విప్పినపిదప కొన్నిమార్లు రెండు పంక్తులు చాలెడివి, కొన్నిమార్లు చదువనే పనిలేకపోయెడిది. అయినను పుస్తకము చెంత నుండవలయును. మహాయోగినియని లోకము కొనియాడు నామెకే ఇట్టి యూతకోల కావలసివచ్చెనన్నచో, జపమునకు కూర్చుండిన నిమిషములోనే ఇంటిలెక్కలు తలకెక్కు మనబోటి వారికి సిగ్గుపడవలసిన యవసరము లేదు.

1554లో పునీత అగస్టీను ‘కన్ఫెషన్స్’ గ్రంథము స్పానిషు భాషలో అచ్చయినది. అది తెరేజమ్మ చేతబడి, తోటలో అగస్టీనుకు వినవచ్చిన పిలుపు ఘట్టము చదువునప్పటికి, ఆ పిలుపు తన్ను గూర్చియే యని తోచి ఆమె కన్నీరు మున్నీరుగా విలపించినది. అయిదేండ్లు గడచినవో లేదో, 1559లో, మతవిచారణాధికారి వాల్దేస్ దేశభాషలోని భక్తిగ్రంథములను పెక్కింటిని నిషేధించుచు పట్టిక ప్రకటించెను. లాటిను రాని స్త్రీకి అది గ్రుడ్డివాని చేతికర్ర లాగికొన్నట్లే. ఆమె శోకించుచుండగా, సజీవమైన గ్రంథమునే తన కిత్తునని ప్రభువు అంతరంగమున నూరడించెనట. కాలము చేయు పరిహాసములు చిత్రమైనవి: ఆమె వ్రాసిన స్వీయచరిత్ర సైతము మతవిచారణవారి చేతులలో చిక్కువడి, ఆమె గతించిన ఆరేండ్లకు, 1588లో, సలమాంకా నగరమున అచ్చయినది, దానిని పరిష్కరించిన లూయీస్ దె లియోన్ పండితుడును ఆ విచారణవారి చెరలోనే యేండ్లు గడిపి వచ్చినవాడు.

ఇంకను వెనుకకు నడచినచో మిలాను నగరపు తోటకు, 386వ సంవత్సరమునకు చేరుదుము. పొరుగింటి పసిగొంతు పుస్తకము తీసి చదువుమని పాడుచున్నట్లు విని, అగస్టీను రోమీయులకు వ్రాసిన లేఖను విప్పి, కంటబడిన మొదటి వాక్యముతోనే నిశ్చలుడైన కథ ప్రసిద్ధమే. ఆనాడే అంతకుముందు జరిగిన దానిని జనులు తరచుగా మరచిపోవుదురు. పొంతిచియాను అను రాజోద్యోగి చూడవచ్చి, జూదపు బల్లపై పౌలు లేఖల ప్రతి యుండుట కనిపెట్టి, మాటలలో నొక సంగతి చెప్పెను: త్రియేరు నగరమున విహారమునకు పోయిన తన సహోద్యోగులిద్దరు ఒక కుటీరములో అంతోని మహర్షి చరిత్ర కనుగొని, చదువుచు చదువుచుండగనే కొలువు విడిచి సన్న్యసించిరట. అగస్టీను గుండెలో నిప్పు రగిల్చినది ఆ ముచ్చటయే. ఇక ఆ అంతోని ఎవరు? ఐగుప్తు దేశస్థుడు, అక్షరాభ్యాసము చేయనొల్లని వాడని ఆయన చరిత్రకారుడగు అథనాసియుసు వ్రాసెను. అంతోని గ్రంథము చదువలేదు. దేవాలయమున సువిశేషము చదువుచుండగా విని, ఉన్నదంతయు పంచిపెట్టి ఎడారికి పోయెను. ఇన్ని పుస్తకముల త్రోవ తుదకు ఒక చదువురాని వాని చెవియొద్ద నిలిచినది.

ఆ ప్రాచీనులు చదివిన తీరు మన తీరు వంటిది కాదు. ఆరవ శతాబ్దపు బెనెడిక్టు మునీంద్రుని నియమావళిలో, తపస్సుకాలమున ప్రతి మఠవాసికిని గ్రంథాలయము నుండి యొక గ్రంథమిచ్చి, మొదటి నుండి తుదివరకు వరుసగా చదువవలయునని విధి గలదు. ఎవడైన చదువుట మాని కబురులు చెప్పుచున్నాడేమో చూచుటకు పెద్దలు ఒకరిద్దరు మఠమంతయు తిరుగవలెను. మధ్యాహ్నము విశ్రమించు వేళ చదువగోరినవాడు పక్కవారికి అలజడి కలుగనీయరాదనియు నున్నది, ఏలయన ఆ దినములలో చదువుట యనగా పెదవులు కదిలించి పైకి చదువుటయే. పండ్రెండవ శతాబ్దమున కార్థూసియ మఠాధిపతి రెండవ గీగో దీనికి నాలుగు మెట్ల నిచ్చెన కట్టెను: పఠనము, మననము, ప్రార్థన, దివ్యదర్శనము. పఠనము కబళమును నోటబెట్టును, మననము నమలును, ప్రార్థన రుచిని రాబట్టును, దర్శనమే ఆ మాధుర్యమట. శ్రవణ మనన నిదిధ్యాసనములు వినియున్న తెలుగు చదువరికి ఇది పరిచితమైన దారివలె తోచును. అయితే గీగో మననమునకు పైమెట్టున యాచనను నిలిపెను, కడపటి మెట్టు మన కాలిబలముతో ఎక్కునది కాదని. తెరేజమ్మ ఇదే మాటను తోటమాలి భాషలో చెప్పినది: మొదట బావినుండి చేదతో తోడుట, పిదప నీటిచక్రము త్రిప్పుట, పిదప కాలువ పారించుట, తుదకు వాన. వాన కురిసిననాడు మాలికి చేయవలసినది లేదు.

అగస్టీను గ్రంథమును గూర్చి యొక మాట. పదుమూడు భాగములలో తల్లి మోనికమ్మ ఓస్తియా రేవున కన్నుమూయు తొమ్మిదవ భాగముతో పలువురు పుస్తకము మూసివేయుదురు. కథ అయిపోయినదని వారి భావము. నా మట్టుకు నాకు జ్ఞాపకశక్తి యను మహామందిరములో భగవంతుని వెదకు పదవ భాగమే గ్రంథమునకు హృదయము. లాటినులో ‘కన్ఫెస్సియో’ యను పదమునకు దోషము నొప్పుకొనుట, దేవుని స్తుతించుట యని రెండర్థములును గలవు. తెలుగు కతోలికులు ఆ సంస్కారమును ‘పాపసంకీర్తనము’ అని పిలిచిననాడు, తెలిసియో తెలియకయో, ఆ రెండర్థములను ఒక్క మాటలో నిలిపిరి.

ఇట్టి అనుభవగ్రంథముల ప్రక్కన తోమాసు అక్వినాసు ‘సుమ్మా’ను నిలిపిన కొందరికి జంకు పుట్టును. 512 ప్రశ్నల యా మహాసౌధమును ఆయన ప్రారంభకులకై కట్టితినని పీఠికలో చెప్పెను! అయినను పూర్వపక్షమును ముందు నిలిపి, దానికి బలము చేకూర్చి, ఆ పిమ్మట సిద్ధాంతము చేయు శాస్త్రపద్ధతి మన పండితులకు క్రొత్త గాదు. ఎదిరి వాదమును ఎదిరికంటె చక్కగా చెప్పగల ఆ నిగ్రహమే నాకాయన పవిత్రతకు గుర్తుగా తోచును. 1273వ సంవత్సరము డిసెంబరు 6వ తేదీ పూజానంతరము ఆయన కలము పెట్టివేసి, తాను చూచినదాని ముందర వ్రాసినదంతయు గడ్డిపోచగా నున్నదని శిష్యునితో చెప్పెను; గ్రంథము పాపసంకీర్తన ప్రకరణముననే నిలిచిపోయినది.

ఇంతవరకు ప్రాచీనులనే తలచితినని ఆధునికులను చదువవలదని కాదు. వారిలో ఉత్తములు ప్రాచీనుల ఇంటి ద్వారపాలకులు. హాన్రి దె లుబాక్, దానియేలూ మహాశయులు రెండవ ప్రపంచయుద్ధము నడుచుచుండగా లియోన్ నగరమున శ్రీసభ పితరుల రచనలను అచ్చువేయ పూనుకొనిరి. 1937లో థామస్ మెర్టన్ అను అమెరికా విద్యార్థి మధ్యయుగ తత్త్వమును గూర్చి జిల్సన్ వ్రాసిన పుస్తకము కొని, రైలులో విప్పి, శ్రీసభాధికారుల యనుమతిముద్ర చూచి, కిటికీలోనుండి పారవేయుదునా యన్నంత రోత పడెను, ఎట్లో చదివెను, భగవంతుడు తనకు తానే ఆధారమై యున్నవాడను భావము అతని పట్టివేసినది. మరుసటి యేట వంగదేశపు వైష్ణవ సన్న్యాసి మహానామవ్రత బ్రహ్మచారి అతనికి స్నేహితుడయ్యెను. హిందూ గ్రంథముల పేర్లు చెప్పునని కాచుకొనియున్న అతనితో ఆయన అగస్టీను ‘కన్ఫెషన్సు’ను, క్రీస్తు ననుకరించుటను గూర్చి తోమాసు కెంపిసు పేరిట ప్రసిద్ధమైన గ్రంథమును చదువుమని చెప్పెను. ఆ సంవత్సరము నవంబరులో మెర్టన్ జ్ఞానస్నానము పొందెను.

బెర్గ్‌జాబెర్న్‌లో తెల్లవారినది గదా. ఎడిత్ స్టైన్ ఊరిలోనికి పోయి సత్యోపదేశ పుస్తకమును, పూజాగ్రంథమును కొని, రెంటిని సాంతముగా అభ్యసించినపిదప దేవాలయమునకు పోయి దివ్యబలిపూజ చూచెనట. కన్నులకు క్రొత్తది ఏదియు లేకపోయెను. పూజ ముగిసినవెంటనే గురువును కలిసి జ్ఞానస్నానము కోరగా, ఆయన తెల్లబోయి, ఎంతకాలము నేర్చుకొంటివి, ఎవరు నేర్పిరి అని అడిగెనని చెప్పుదురు. ఆమె ఎవరి పేరును చెప్పలేదు. తన్ను పరీక్షింపుమని మాత్రము వేడుకొన్నది.