అనుకరణము - అనుకంప

పరుల బాధను నటించి నేర్చుకొనవచ్చునా? నటనము నుండి పుట్టిన దయ నిజమైన దయ యగునా? ప్రసూతి విద్యను బోధించు శిక్షణాలయములలో ఈ ప్రశ్న నేడు ఎదురగుచున్నది.

బొమ్మపై ప్రసవకార్యమును నేర్పుట క్రొత్త పద్ధతి కాదు. పదునెనిమిదవ శతాబ్దిలో ఫ్రాన్సు దేశపు మంత్రసాని మదాం ద్యు కుద్రే గుడ్డ, తోలు మొదలగు వానితో స్త్రీ కటిభాగమును, శిశువును పోలిన ప్రతిమలను నిర్మించెను. 1759లో పదునైదవ లూయీ రాజు ఆమెను దేశమంతట బోధింప నియోగించెను. ఆమె ఊరూర తిరిగి వేలకొలది స్త్రీలకు విద్య గరపెను. కాని ఆ తల్లి ప్రతిమకు ముఖము లేదు. అది చేతులకు నేర్పు నొసగినది. సిగ్గుతో మొగము త్రిప్పుకొను తల్లిని చూపజాలదు.

నేడు ఆ కొరత కొంత తీరినది. మామానాటలీ అను ఉపకరణమును ఒకరు నడుమునకు కట్టుకొని తల్లి పాత్ర వహింతురు. శిశుజననమును, రక్తస్రావమును తామే నడుపుదురు. విద్యార్థిని ఆ పాత్ర వహించినచో, పుస్తకమున దొరకని విషయములు కొన్ని ఆమెకు తెలియును. తెర వేయకయే తలుపు తెరచినచో గుండె యెట్లు ఝల్లుమనునో, పేరైన నడుగక దుప్పటి తొలగించినచో మనసెట్లు ముడుచుకొనునో, పూర్వపు గర్భస్రావమును గూర్చి నలుగురు వినునట్లు ప్రశ్నించినచో నోట మాట యెట్లు నిలిచిపోవునో ఆమె యెరుగును.

"ఇది నాటకమే గదా! ఆట ముగియగనే లేచి నవ్వుకొందురు" అని ఆక్షేపించువారు కలరు. ఆక్షేపణము సమంజసమే. పది నిమిషములు బల్లపై పరుండి, తల్లి వేదన నెరిగితినని తలచుట దయ కాదు, అహంకారము. అనుకరణము మనకు చూపునది ఆమె బాధను కాదు, మన అజాగ్రత్తను. దాని నెరిగిన విద్యార్థిని మరునాడు తాకుటకు ముందు అనుమతి యడుగును. అంతమాత్రము చాలును.

పూర్వము మంత్రసాని మన వీధిదే, మన భాషదే. శాస్త్రము తెలియకున్నను ఇంటి గుట్టు తెలిసిన మనిషి. ఆసుపత్రిలోని నర్సుకు ప్రతిదినము క్రొత్త ముఖములే. పరిచయము చేయు పనిని అచ్చట శిక్షణము చేయవలెను.

పరప్రాంతముల స్థిరపడిన మన కుటుంబములకు ఇది మరింత అవసరము. ఇంట తెలుగు, ఆసుపత్రిలో కన్నడమో, తమిళమో, ఒడియాయో. అంగడి వ్యవహారమునకు చాలిన భాష నొప్పులవేళ చాలకపోవచ్చును. అప్పుడు మరిదియో, బడికిపోవు కొడుకో దుబాసి యగును. ఆతని యెదుట ఏ యిల్లాలు తన రహస్యము విప్పును? చెప్పని విషయము వలన చికిత్స దారి తప్పవచ్చును. కావున గోప్యత ప్రాణరక్షణలో భాగమే. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన ప్రసవకాల సూచనలలో మర్యాదయు, గోప్యతయు, తల్లి కోరిన తోడును చేరియున్నవి. భాష రాని తల్లి పాత్రయు శిక్షణములో చేరవలెను. బంధువును వెలుపల నుంచి, భాష తెలిసిన స్త్రీని పిలిపించుట యెట్లో విద్యార్థిని అచ్చట అభ్యసింపవలెను.

అనుకరణము, అనుకంప: రెండింటను ముందున్నది "అను" ఉపసర్గమే. వెంట నడచుట దాని భావము. వెంట నడచువారు ముందరివారి నొప్పి తమదని చెప్పుకొనరు. తెర వేసి, అడిగి, విన్నదానిని కడుపులో దాచుకొందురు.