గుఱుతు – ఎఱుక



మా అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయమున ఏటా మార్చి మాసమందు కొన్ని దినములు, అక్టోబరు మొదట కొన్ని దినములు ఉదయకిరణములు గోపురద్వారము గుండ, అనివెట్టి మండపము గుండ సాగివచ్చి, గర్భగృహములోని మూలమూర్తి పాదములను తాకును. ఆ దర్శనము కొన్ని నిమిషములు మాత్రమే. దానికొఱకు జనులు చీకటితోనే వచ్చి నిలుతురు.

ఒక అక్టోబరు ఉదయమున ఆకాశము మబ్బు పట్టి యుండెను. కిరణము పడలేదు. జనులు నిట్టూర్చుచు మరలిపోయిరి. నాతో వచ్చిన మా బడి పిల్లవాడొకడు “మాస్టారూ, కిరణం పడలేదు గదా! మరి ఈ రోజు దేవుడు రానట్టేనా?” అని యడిగెను. వ్యాకరణము, ఛందస్సు చెప్పి బ్రతుకుచున్న నాకు ఆ చిన్న ప్రశ్నకు ఉత్తరము తోచలేదు. “రేపు పడుతుందిలే” అని దాటవేసితిని. ఆ దాటవేత నన్ను చాలకాలము బాధించినది. గుఱుతునకును, ఆ గుఱుతు చూపు వస్తువునకును గల సంబంధమేమి? ఈ ప్రశ్ననే నేడు మీ ముందుంచుచున్నాను.

మొదట కిరణము సంగతి తెలిసికొందము. సూర్యుడు నిత్యము ఒకేచోట ఉదయింపడు. ఉత్తరాయణమున ఉదయస్థానము దినదినము ఉత్తరమునకు, దక్షిణాయనమున దక్షిణమునకు జరుగుచుండును. కావున తూర్పుదిక్కున ఏ ఒక్క స్థానమును గైకొన్నను, సూర్యుడు ఏటికి రెండు మారులు దానిని దాటును. మార్చి విషువత్తునకు సుమారు పది దినముల ముందును, సెప్టెంబరు విషువత్తునకు సుమారు పది దినముల పిదపను సూర్యోదయము ఇంచుమించు ఒకే స్థానమున జరుగును. ఆలయద్వారముల వరుస ఆ స్థానమునకు సూటిగా నున్నది. ఇందు మాయ లేదు; శిల్పుల లెక్క యున్నది. అయినను లెక్క తెలిసినంతమాత్రమున ఆ ఉదయము విలువ తగ్గదు. అంతటి దూరమందున్న వెలుగు గడప దాటి లోనికి వచ్చెనని చూచువాని హృదయము పొంగును. ఆ పొంగే ప్రతీక చేయు పని.

ఇక మూర్తిని చూడుడు. స్వామి హస్తములందు పద్మములు, పీఠమున ఏడు గుఱ్ఱములు, వానిని తోలు అరుణుడు. ఆ గుఱ్ఱములు గాయత్రి మొదలగు ఏడు ఛందస్సులని విష్ణుపురాణము చెప్పును. ఏడు వారములని కొందఱు, కాంతిలోని ఏడు రంగులని నేటివారు చెప్పుదురు. ఇందేది సత్యమని తగవులాడ పనిలేదు. ఒక్క అర్థముతో తీరిపోనిదే ప్రతీక. అరుణునకు ఊరువులు లేవని పురాణగాథ. తెల్లవారుజామున కనిపించు ఎఱుపునకు రూపమున్నది, నిలుచుటకు కాళ్లు లేవు, నిముషములో కరగిపోవును. మాటలతో చెప్పరాని ఆ క్షణమునకు శిల్పి ఇచ్చిన రూపమే అరుణుడని నాకు తోచును.

సాహిత్యమునను ఇదియే మార్గము. “గంగపై పల్లె” యని మన ఆలంకారికులు ఒక ఉదాహరణము చెప్పుదురు. నీటిపై పల్లె యుండదు. ఒడ్డున ఉండునని గ్రహింతుము. అయినచో ఒడ్డున అనియే చెప్పరాదా? అట్లు చెప్పినచో గంగ చల్లదనము, పావనత్వము స్ఫురింపవు. చెప్పినదానికంటె మించి స్ఫురించు దీనినే తొమ్మిదవ శతాబ్దిలో కాశ్మీరమున ఆనందవర్ధనుడు ధ్వని యనెను. మన పొరుగున విజయనగరమందలి గురజాడ అప్పారావుగారు 1910లో తోకచుక్కను చూచిరి. అది హేలీ తోకచుక్క. లోకులు దానిని అరిష్టమని భయపడుచుండగా, ఆయన ‘ముత్యాల సరములు’ కావ్యమున దానియందు సంఘసంస్కారపు రాకను దర్శించిరి. ఆకాశమున వెలిగిన చుక్క ఒక్కటియే. భయముతో చూచినవానికి భయమును, ఆశతో చూచినవానికి ఆశను అది చూపినది.

దీనినే మనస్తత్త్వశాస్త్రజ్ఞులు మఱియొక వైపునుండి వెదకిరి. మనము అణచుకొన్న కోరికలు స్వప్నమందు మాఱువేషములు వేసికొని వచ్చునని ఫ్రాయిడ్ తలంచెను. ఆయనతో కొంతకాలము పనిచేసి వేరుపడిన యూంగ్ ఇంకొక మాట చెప్పెను. సంకేతము వేఱు, ప్రతీక వేఱు. రైలుదారిలో ఎఱ్ఱదీపమునకు ‘ఆగుము’ అన్న ఒక్కటే అర్థము, అది సంకేతము. పూర్తిగా తెలియనిదానిని, తెలిసినంతలో చూపునది ప్రతీక. ఈ యూంగ్ 1937–38లో మన దేశమునకు వచ్చి కోణార్కమును దర్శించెను. ఇరువదినాలుగు చక్రముల ఆ రాతిరథమును పదమూడవ శతాబ్దిలో కట్టించిన నరసింహదేవుడు తూర్పుగాంగ వంశీయుడే. మన అరసవల్లి ఆలయమును కట్టించెనని ప్రసిద్ధి గన్న దేవేంద్రవర్మయు ఆ వంశమువాడే. వారి తొలి రాజధాని కళింగనగరము మన ముఖలింగమే యని చరిత్రకారుల నిర్ణయము.

అంతకుముందే, 1925లో, యూంగ్ ఆఫ్రికాలోని ఎల్గాన్ పర్వతప్రాంతమునకు పోయెను. అచ్చటివారు సూర్యోదయమున అరచేతులలోనికి ఊది, ఆ చేతులను సూర్యునివైపు చాచుచుండిరి. “సూర్యుడే దేవుడా?” యని ఆయన యడుగగా వారు నవ్విరి. ఆకాశమున పైకెక్కిన సూర్యుడు దేవుడు కాడట. ఉదయించు ఆ క్షణమే దేవుడట! అక్షరములు రాని ఆ కొండవారు చెప్పినది, సర్టిఫికెట్టు గల పండితుడనైన నేను మా పిల్లవానికి చెప్పలేకపోతిని.

శరణులారా! కన్నడ శరణులు ‘అరుహు’, ‘కురుహు’ అను రెండు మాటలను జంటగా వాడుదురు. మన తెలుగున ఎఱుక, గుఱుతు వానికి తోబుట్టువులు. ఇష్టలింగము గుఱుతు, దానివలన కలుగవలసినది ఎఱుక. పన్నెండవ శతాబ్దిలో కల్యాణమున బసవేశ్వరుడు దేహమే దేవాలయమని బోధించి, ఆ దేవాలయమునకు గుఱుతుగా ఇష్టలింగమును ప్రతి భక్తుని యెదపై నిలిపెను. కులము, కలిమి, స్త్రీపురుషభేదము దానికి అడ్డురాలేదు. కావున ఎదుటివాని మెడలోని లింగమునకు మ్రొక్కి, వానిని కులము పేర హీనముగ చూచువాడు గుఱుతును పట్టుకొని ఎఱుకను పోగొట్టుకొన్నవాడు. “ఇది ఉత్త గుఱుతే గదా, మనసులో ఉంటే చాలును” అని లింగమును పెట్టెలో పెట్టువాడు మెట్టును తీసివేసి మేడ యెక్కజూచువాడు.

ఈ రెండవ దోషము నాయందే యుండెను. మా తల్లిగారు లింగైక్యమైనప్పుడు, ఆచారము ననుసరించి ఆమె ఇష్టలింగమును ఆమె ఎడమ అరచేత నుంచి సమాధి చేయ సిద్ధపడిరి. నేను దుఃఖము పట్టలేక, దానిని అమ్మ గుఱుతుగా నాయొద్ద నుంచుకొందునని వేడితిని. మా వృద్ధ బంధువొకరు నా భుజముపై చేయివేసి “నాయనా, అది అమ్మ గుఱుతు, అమ్మతోనే పోవాలి. నీకు గురువిచ్చింది నీ మెడలోనే ఉంది గదా! దాన్ని చేతిలోకి తీసుకొని ఎన్నాళ్లయింది?” అనిరి. నేను తలవంచుకొంటిని. బడి తొందరయని, పరీక్షపత్రములని సాకులు చెప్పుకొని నెలల తరబడి లింగకాయ మూతయైన తీయలేదు. నగను వారసత్వముగా పొందవచ్చును, పొలమును పొందవచ్చును. ఎఱుకను ఎవనికి వాడే సంపాదించుకొనవలెను. ఆ సాయంకాలమున, సమాధి చెంతనుండి వచ్చి, స్నానమాడి, నా లింగమును అరచేత నుంచుకొని చూచితిని. అది నల్లగా, చిన్నదిగా, అమ్మ చేతిలోనిదానివలెనే యుండెను.

ఆ పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడై యుండును. ఎచ్చటనున్నను వానికి నా ఉత్తరమిది. నాయనా, ఆ ఉదయమునను సూర్యుడు ఉదయించెను. మబ్బువలన గుఱుతు కనబడలేదు, అంతే. గుఱుతు కనబడిన దినమున కన్నులార చూడుము. కనబడని దినమున, చూచిన దినములను తలచుకొని నిలువుము. దేవుడు రాలేదని మాత్రము మరలిపోకుము.

శరణు శరణార్థి.