మామూళ్లు, సంతోషం, సర్దుబాటు: వైద్యశాలల్లో అవినీతిపై ఉద్యోగుల దృక్పథం

వైద్యశాలల్లో పనిచేసే ఉద్యోగులు అవినీతిని ఏ దృష్టితో చూస్తారన్నది దానికి వారు వాడే మాటల్లోనే చాలావరకు వ్యక్తమవుతుంది. వాడుకలోని మూడు మాటలను పరిశీలించి, పేరు మారినంత మాత్రాన బాధ్యత తగ్గుతుందా అన్న ప్రశ్నను చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మొదటిది 'మామూళ్లు'. అరబ్బీ మూలం గల 'మామూలు' అనే పదానికి ఆచారంగా జరిగేదని అర్థం. సాధారణమనే అర్థంలో నిత్యం వాడే ఈ మాటే బహువచనంలో లంచాన్ని సూచిస్తుంది. ఇందులో తీసుకునే వ్యక్తి మరుగునపడి, ఆచారమే కర్త అవుతుంది. అందరూ తీసుకుంటున్నారన్న సమర్థన ఆ పదంలోనే ఇమిడి ఉంది.

రెండవది 'సంతోషం'. పుట్టిన బిడ్డను బంధువులకు చూపుతూ అడిగే సొమ్ముకు ఇది పేరు. 2011లో ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం ప్రభుత్వ వైద్యశాలల్లో ప్రసవం ఉచితం. అయినా ఆయా దృష్టిలో అది లంచం కాదు, శుభవేళ అందే కానుక. పురుడు పోసిన మంత్రసానికి చీర, ధాన్యం ఇచ్చే పాత ఆచారం ఈ భావన వెనుక ఉంది. చాలీచాలని జీతం దానికి బలమిస్తుంది. అయితే మంత్రసానికి ఆ ప్రతిఫలమే జీవనాధారం. పైగా, ఇవ్వనని చెప్పగల స్వేచ్ఛ ఉన్నప్పుడే అది కానుక. బిడ్డ ఇంకా ఎదుటివారి చేతుల్లో ఉన్నప్పుడు ఆ స్వేచ్ఛ ఎవరికి ఉంటుంది?

మూడవది 'సర్దుబాటు'. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాల్లో చికిత్స ఖర్చును రోగి తరఫున ప్రభుత్వం భరిస్తుంది. చేయని పరీక్షను చేసినట్లు నమోదు చేసే గుమాస్తాకు బాధితుడెవరూ ఎదురుగా కనిపించరు. రోగి జేబులోంచి ఏమీ పోలేదని, పైవారు చెప్పినట్లే రాశానని అతడు సమాధానపడతాడు. కాని కేస్‌షీటులో నిలిచిన అబద్ధం తర్వాత చూసే వైద్యుణ్ణి తప్పుదారి పట్టించగలదు. నష్టం లేకపోలేదు, అది ఆలస్యంగా, మరొక చోట బయటపడుతుంది.

నిర్బంధానికి చట్టం కూడా ప్రాధాన్యమిచ్చింది. 1988 నాటి అవినీతి నిరోధక చట్టానికి 2018లో జరిగిన సవరణ లంచం ఇవ్వడాన్నీ నేరంగా పేర్కొంది. బలవంతం మీద ఇచ్చి, 7 రోజుల్లోగా ఫిర్యాదు చేసినవారిని మినహాయించింది.

ఆయా పేదరికం, గుమాస్తా భయం వారి దోషాన్ని కొంత తగ్గించవచ్చు. చేసిన పని స్వభావాన్ని మార్చలేవు. ఆ భయం మీద ఆధారపడి లాభపడే పైవారికి ఆ మినహాయింపు కూడా వర్తించదు. ముగ్గురికీ ఆశ్రయమిస్తున్నది మాత్రం ఆ మెత్తని మాటలే. కనుక లంచాన్ని లంచమని, దొంగలెక్కను దొంగలెక్క అని పిలవడం ఉద్యోగి నైతిక బాధ్యతలో తొలి మెట్టు.