మాత్ర మింగితే సిలువ దించినట్టేనా?

"దేవుడిచ్చిన సిలువ అమ్మా, ఓర్చుకోవాలి." జబ్బుపడిన వారిని పరామర్శించడానికి వెళ్ళినప్పుడు మనలో చాలామంది నోట అలవాటుగా వచ్చే మాట ఇది. మంచి మనసుతోనే అంటాం. కాని పాదాలు నిప్పుల మీద పెట్టినట్టు మండుతూ, కప్పుకున్న దుప్పటి తగిలినా సూదులు గుచ్చినట్టుండి, నెలల తరబడి కంటిమీద కునుకు లేని ఒక తల్లికి ఆ మాట ఎలా వినిపిస్తుంది? మందు అడగటమే విశ్వాసలోపమేమో, మాత్ర మింగితే సిలువను దారిలో దించేసినట్టేమో అన్న సందేహం ఆమె మనసులో పడుతుంది. ఈ సందేహానికి జవాబు వెదకాలంటే ముందు ఆ నొప్పి సంగతి తెలుసుకోవాలి.

నరాల నొప్పి వేరు

కాలికి ముల్లు గుచ్చుకుంటే నొప్పి పుడుతుంది. ముల్లు తీసి, పుండు మానితే నొప్పి పోతుంది. అక్కడ నొప్పి కావలివాడి వంటిది. ప్రమాదం ఉందని కేక వేస్తుంది. నరాల నొప్పి అలా కాదు. కేక వేయవలసిన నరమే దెబ్బతిన్నది గనుక, ముల్లు లేకపోయినా, పుండు లేకపోయినా కేకలు వేస్తూనే ఉంటుంది. చాలా ఏళ్ళ చక్కెర వ్యాధి వల్ల పాదాల్లో వచ్చే మంటలు, తిమ్మిర్లు ఇటువంటివే. సర్పి మానిపోయిన తరువాత కూడ ఆ చోటనే నెలల తరబడి ఉండే పోట్లు, ముఖంలో మెరుపులా కొట్టే నొప్పి, కుష్ఠువ్యాధి నయమైన తరువాత కూడ కొందరిని వదలని నొప్పి కూడ ఇటువంటివే.

అందుకే మందుల షాపులో అడిగి తెచ్చుకునే మామూలు నొప్పి మాత్రలు, ఊరి ఆర్.ఎం.పి. డాక్టరు వేసే సూదులు దీనికి అంతగా పనిచేయవు. పైగా వాపు తగ్గించే నొప్పి మాత్రలను ఎక్కువకాలం వాడితే మూత్రపిండాలు చెడతాయి. చక్కెర వ్యాధి ఉన్నవారికి ఆ భయం ముందే ఉంది. ఎన్నో ఏళ్ళుగా మెట్‌ఫార్మిన్ వాడేవారిలో బి12 విటమిను తగ్గి, దానివల్లనూ నరాలు దెబ్బతినవచ్చు. కనుక మొదటి పని కారణం తేల్చుకోవడం, చక్కెరను అదుపులో పెట్టడం.

ఈ నొప్పికి డాక్టర్లు వాడే మందులు కొన్ని వేరే జబ్బుల మందులుగా పేరుపడినవి. అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్ మానసిక కుంగుబాటుకు ఇచ్చే మందులు. గాబపెంటిన్, ప్రీగాబలిన్, ముఖపు నొప్పికి ఇచ్చే కార్బమజెపిన్ మూర్ఛకు వాడే మందులు. నరాల్లో పరుగెత్తే నొప్పి సంకేతాలను ఇవి అణచగలవు గనుక ఇక్కడా వాడుతున్నారు. ఈ సంగతి తెలియక, "ఇది పిచ్చికి ఇచ్చే మాత్రట" అని పక్కింటివారు అనగానే మందు మానేసినవారు ఎందరో! డాక్టరు ఒక్క నిమిషం విడమరచి చెబితే, మనం ఒక్క మాట అడిగితే, ఆ అపోహ పోతుంది.

సరైన మోతాదు ఒక్కరోజులో దొరకదు

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి ఇది. ఈ మందులను తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. అమిట్రిప్టిలిన్ అయితే తరచు రాత్రిపూట 10 మి.గ్రా.తో మొదలవుతుంది. డ్యులోక్సెటిన్ సాధారణంగా 30తో మొదలై 60కి చేరుతుంది. గాబపెంటిన్ 300తో మొదలుపెట్టి, రోజుకు 1800 లేక అంతకు మించి కూడ కావలసిరావచ్చు. వృద్ధులకు, మూత్రపిండాలు బలహీనమైనవారికి తక్కువ చాలు. ఈ లెక్కలు డాక్టరు చేతిలో ఉండవలసినవే గాని మన చేతిలో కాదు. ఒక మందు పనిచేసిందో లేదో తేల్చడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులు మింగి "గుణం కనబడలేదు" అని పారేస్తే, ఆ మందుకు అవకాశమే ఇవ్వలేదన్నమాట.

అందరికీ సరిపడే మందు ఒకటి లేదు. సర్పి తరువాతి నొప్పికి గాబపెంటిన్ వాడినవారిలో సుమారు పదిమందికి ముగ్గురికి నొప్పి సగానికి సగం తగ్గింది. మందు లేని ఉత్తుత్తి మాత్ర మింగినవారిలో సుమారు పదికి ఇద్దరికి తగ్గింది. అంటే మేలు నిజమే, కాని అందరికీ కాదు. ఇంగ్లండు, మరికొన్ని బ్రిటన్ కేంద్రాలలో 130 మంది చక్కెర వ్యాధిగ్రస్తులపై జరిగిన ఒక పరిశోధన 2022లో వెలువడింది. అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్, ప్రీగాబలిన్‌లలో దేనితో మొదలుపెట్టినా ఫలితం దాదాపు ఒకటే. ఒకటి చాలనివారికి రెండవది జతచేస్తే కొందరికి మరింత మేలు కలిగింది. పదికి ఆరున్నర ఉన్న నొప్పి పదహారు వారాల చివర సగటున మూడుకు కాస్త పైన నిలిచింది. సున్నా కాలేదు. ఈ అంకెను గుర్తుంచుకుందాం. దీని దగ్గరకు మళ్ళీ వస్తాం.

శ్రీసభ ఏమంటుంది?

1957 ఫిబ్రవరి 24న పన్నెండవ భక్తినాథ పోపు గారు మత్తు వైద్యులు అడిగిన మూడు ప్రశ్నలకు జవాబిచ్చారు. క్రైస్తవుడు విశ్వాసం పేరిట నొప్పి మందును నిరాకరించి తీరాలా అన్నది మొదటి ప్రశ్న. అటువంటి సాధారణ విధి ఏదీ లేదని ఆయన స్పష్టంగా చెప్పారు. ఎవరైనా స్వేచ్ఛగా, ప్రేమతో కొంత బాధను క్రీస్తు శ్రమలతో జతపరచాలనుకుంటే అది గొప్ప సంగతే. కాని అది విధి కాదు. 1980లో విశ్వాస సిద్ధాంత పరిరక్షణ శాఖ కూడ, వీరోచితమైన ఆ మార్గాన్ని అందరికీ నియమంగా విధించడం వివేకం కాదని తెలిపింది.

ఇక్కడ ఒక భేదం ఉంది. నా సిలువను నేను ఎత్తుకోవచ్చు. మరొకరి భుజం మీద దాన్ని పెట్టే అధికారం నాకు లేదు. కోడలు అత్తకు, కొడుకు తండ్రికి, ఆరోగ్యవంతుడు రోగికి "ఓర్చుకో" అని చెప్పడం తేలిక. ఆ మాట వెనుక ఖర్చు తప్పించుకోవాలనే ఆలోచన దాగి ఉంటే, భక్తి మాటతో మన పిసినారితనాన్ని కప్పుకున్నట్టే.

శరీరంలో ముల్లు తొలగిపోవాలని మూడుసార్లు ప్రార్థించి, చివరకు దాన్ని స్వీకరించిన పునీత పౌలు గారే, తిమోతికి తరచు వచ్చే అస్వస్థతకు కొద్దిగా ద్రాక్షారసం పుచ్చుకోమని సలహా ఇచ్చారు. స్వీకరణా, చికిత్సా ఒకే హృదయంలో ఇమిడాయి. "కొద్దిగా" అన్న మాటలో మోతాదు కూడ ఉంది! లూర్దు క్షేత్రంలో 1883 నుండి వైద్యుల కార్యాలయం ఒకటి పనిచేస్తున్నది. అద్భుతం జరిగిందని ఎవరైనా చెబితే ముందు వైద్యులే పరీక్షిస్తారు. ఫిబ్రవరి 11న మనవారు గుణదల కొండ ఎక్కే రోజునే 1993 నుండి శ్రీసభ వ్యాధిగ్రస్తుల ప్రపంచ దినంగా పాటిస్తున్నది. కొండ ఎక్కే చేతిలో జపమాలతో పాటు మందుల చీటీ ఉంటే మరియమాత నొచ్చుకోదు.

ఎంత ఉపశమనం న్యాయం?

అసలు చిక్కు ప్రశ్న ఇది. మోతాదు పెంచితే నొప్పి తగ్గవచ్చు. కాని మగత వస్తుంది, కళ్ళు తిరుగుతాయి, నోరు ఎండుతుంది, వృద్ధులైతే తూలిపడవచ్చు. తగ్గిస్తే తెలివి ఉంటుంది, నొప్పీ ఉంటుంది. ఆ పోపు గారికి వచ్చిన రెండవ ప్రశ్న దీనికి దగ్గరిదే: నొప్పి కోసం తెలివిని మందగింపజేయవచ్చునా? తగిన కారణం ఉంటే తగునని, కాని మనిషి తన విధులు నెరవేర్చే వీలును మరువరాదని ఆయన జవాబు.

దీన్ని మన ఇంటి భాషలోకి తెచ్చుకుందాం. ఒక అవ్వకు రాత్రి నిద్రపట్టడం ముఖ్యం. పగలు కొంత మంట ఉన్నా సహిస్తుంది. ఒక లారీ డ్రైవరుకు మగత ప్రాణాంతకం. ఒక టీచరమ్మకు పాఠం చెప్పేటప్పుడు మాట తడబడరాదు. కనుక సరైన మోతాదు అంటే నొప్పిని సున్నా చేసే మోతాదు కాదు. ఆ మనిషిని తన పిలుపుకు, తనవారికి తిరిగి అప్పగించే మోతాదు. డాక్టరుకు మందు తెలుసు. ఏ బాధ భరించగలదో, ఏది పోగొట్టుకోలేదో రోగికే తెలుసు. ఇద్దరూ మాట్లాడుకోనిదే అది తేలదు.

అందుకే నిజం చెప్పడం ఇక్కడ ఒక నైతిక విధి. కొడుకు డబ్బు ఖర్చవుతుందని "ఫరవాలేదు బాబూ" అనే తల్లులు డాక్టరును తప్పుదారి పట్టిస్తారు. సారా తాగుతున్న సంగతి దాచే తండ్రులు ప్రాణానికే ముప్పు తెచ్చుకుంటారు. గాబపెంటిన్ వంటి మందులతో మద్యం కలిస్తే ఊపిరి మందగించవచ్చు. గుణం కనబడగానే ఒక్కసారిగా మానెయ్యడమూ ప్రమాదమే. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. కార్బమజెపిన్ మొదలుపెట్టాక ఒంటిమీద దద్దుర్లు వస్తే ఆలస్యం చేయక డాక్టరుకు చూపాలి.

ఇంటివారి వంతు

నరాల నొప్పి ఎక్స్‌రేలో కనబడదు. పైకి పుండు లేదు, వాపు లేదు. "అంతా నటన" అనడం సులభం. యోబు స్నేహితులు చేసిన పొరపాటు ఇదే. బాధలో ఉన్నవాడిని నమ్మక, విచారణ జరిపారు. నమ్మడమే మనం చేసే మొదటి వైద్యం. తరువాత ఒక చిన్న నోటుపుస్తకం పెట్టి, ఏ రోజు ఏ మాత్ర, నొప్పి పదికి ఎంత, నిద్ర ఎన్ని గంటలు, మగత ఉందా అని రాసిపెట్టండి. డాక్టరుకు దానికంటె మంచి కానుక లేదు. ధర భారమైతే జన ఔషధి కేంద్రాల్లో విచారించండి. ఈ మందుల్లో కొన్ని అక్కడ తక్కువ ధరకు దొరుకుతాయి.

మంచి సమరీయుడు గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టుకట్టడంతో ఆగలేదు. సత్రం యజమానికి రెండు దీనారాలిచ్చి, తిరుగు ప్రయాణంలో మళ్ళీ వస్తానని మాట ఇచ్చాడు. మొదటి సహాయం చాలామంది చేస్తారు. మళ్ళీ వచ్చి చూసేవారు కొందరే. మోతాదు కుదిరేదాకా రెండవసారి, అయిదవసారి ఆసుపత్రికి తోడు వెళ్ళడమే ఈనాటి సమరీయుని పని.

ఇక ఆ మూడు అంకె సంగతి. చేయగలిగిన చికిత్సంతా చేసిన తరువాత కూడ కొంత నొప్పి మిగిలిపోవచ్చు. సిలువను గూర్చిన మాట చెప్పవలసిన చోటు అదే, అంతకు ముందు కాదు. బాధతో మేలు చేయడం, బాధపడేవారికి మేలు చేయడం, ఈ రెండూ క్రీస్తు నేర్పినవేనని పునీత రెండవ జాన్ పాల్ పోపు గారు 1984లో రాశారు. ఆరోగ్యంగా ఉన్న మన వంతు రెండవది. మన ఇంట్లోనో పక్క ఇంట్లోనో రాత్రిళ్ళు పాదాలు పట్టుకుని కూర్చునేవారు ఉంటే, ఈ వారం వారిని ఓర్చుకోమనకుండా, "ఎప్పుడు డాక్టరు దగ్గరకు వెళదాం?" అని అడుగుదాం.