గరాజులో పట్టిన పాటలు

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో డేటన్ అనే ఊరుంది. అక్కడ బడిపంతులు రాబర్ట్ పొలార్డ్ మిత్రులతో కలిసి ఇళ్లలో, గరాజుల్లో, నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ మీద పాటలు పట్టేవాడు. అలా తయారైందే వాళ్ల గైడెడ్ బై వాయిసెస్ బృందం 1994లో తెచ్చిన ‘బీ థౌజండ్’ ఆల్బమ్. 20 పాటలు, మొత్తం 40 నిమిషాలైనా లేవు. టేపు బుస వినబడుతూనే ఉంటుంది. మొదటి పాటలోనైతే గిటార్ ఉన్నట్టుండి మాయమవుతుంది. దాన్ని అలాగే వదిలేశారు! కొన్ని పాటలు ఊపందుకోకముందే అయిపోతాయి, ఒప్పుకోవాల్సిందే. కానీ వరసలు మాత్రం వదలవు. స్టూడియోలో నునుపు తేలిన పాట మనల్ని ప్రేక్షకుల్లో కూర్చోబెడుతుంది. ఇదేమో పక్కగదిలో ఎవరో పాడుకుంటున్నట్టుంటుంది, మనమూ గొంతు కలపొచ్చనిపిస్తుంది. పొలార్డ్ తర్వాత బడి ఉద్యోగం మానేసి పాటలకే అంకితమయ్యాడు.