మనలను మరచిన పెద్దలు



తల్లిదండ్రులను గౌరవించాలన్న ఆజ్ఞ మనందరికీ కంఠస్థమే. సీరా జ్ఞానగ్రంథము 3వ అధ్యాయము ఇంకొక అడుగు ముందుకు వేస్తుంది. తండ్రికి మతి తప్పినా ఓర్చుకోవాలని, మనకు బలమున్నదని ఆయనను చులకన చేయరాదని బోధిస్తుంది. క్రీస్తుకు పూర్వము రెండవ శతాబ్దములోనే ఈ కష్టము ఎరిగిన ఇళ్ళు ఉన్నాయన్నమాట.

నేడు వైద్యులు దీనిని డిమెన్షియా అంటారు. ఇది మెదడుకు వచ్చే జబ్బు. చిల్లంగి అని గుసగుసలాడుట పాపము. ముందు ఆసుపత్రిలో చూపించండి. థైరాయిడ్ లోపము, బి12 విటమిన్ లోపము వలన వచ్చిన మతిమరుపు మందులతో తగ్గవచ్చు. మిగిలినవి చాలావరకు నయము కావు. అప్పుడు ఇల్లే ఆసుపత్రి.

1955లో ప్రారంభమైన మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రము కొరకు కట్టిన జోలాపుట్ జలాశయములో ఊళ్ళు మునిగాయి. అక్కడ పుట్టిన ఒక ముసలమ్మ సాయంత్రమైతే "మా ఊరికి పోతాను" అని గడప దాటుతుందనుకోండి. "నీ ఊరు నీళ్ళల్లో ఉంది, కూర్చో" అంటే ఆ దుఃఖము ఆమెకు ఈ రోజే కొత్తగా కలుగుతుంది. రేపు మళ్ళీ కలుగుతుంది. "మీ ఊళ్ళో ఏం పండించేవారమ్మా?" అని అడుగుతూ నాలుగడుగులు వెంట నడిచి, మెల్లగా ఇంటికి మళ్ళించండి. ఇది అబద్ధము కాదు, ఓర్పు. ఆమె తెలుగు మరచి చిన్ననాటి ఆదివాసీ ఒడియాలో మాట్లాడితే ఆ మాటలోనే బదులివ్వండి. దాహమని చెప్పలేరు గనుక నీళ్ళు అడగకుండానే ఇవ్వండి. పొయ్యి, బావి, రాత్రి తలుపు గడియ జాగ్రత్త. చేతిలో జపమాల పెట్టండి. బిడ్డల పేర్లు మరచినవారు సైతము మంగళవార్త జపము అందుకొనుట కద్దు.

జ్ఞాపకమే మనిషిని ఆ మనిషిగా నిలుపుతుందని జాన్ లాక్ అనే ఇంగ్లీషు తత్వవేత్త వాదించాడు. పుస్తకములో బాగుంటుంది, రోగి మంచము దగ్గర నిలబడదు. తల్లి బిడ్డను మరచినా తాను మరువనని యెషయా 49వ అధ్యాయములో దేవుడు మాట ఇస్తున్నాడు. మనము ఆయన జ్ఞాపకములో ఉన్నాము, అది చాలు.

పురుషులకు ఒక మాట. ఈ సేవంతా కోడలి మీదనే ఎందుకు పడాలి? కన్నతల్లికి స్నానము చేయించుట, పక్క శుభ్రము చేయుట కొడుకుకు నామోషీయా? ఆ కోడలు ఎన్ని ఆదివారములుగా పూజకు రాలేదో లెక్కపెట్టండి. మరియదళం సభ్యులారా, వంతులవారీగా ఆ ఇంట కూర్చుని ఆమెను దేవాలయమునకు పంపండి. పెద్దలను డోలీలో మోసుకొని రానవసరము లేదు. దివ్యసత్ప్రసాదము ఇంటికే తెస్తాము, ఉపదేశికి ముందుగా కబురు పెట్టండి.