రాహేలు కొరకు ఎన్ని యేండ్లు?

పాఠము: ఆదికాండము 29:15–30



భర్త అమెరికాలోను భార్య ఇక్కడను ఉండి, కాగితముల కొరకు కనిపెట్టుకొనియున్న దంపతులు నేడు మన సంఘములలో అక్కడక్కడ ఉన్నారు. అట్టివారి యింటికి ప్రార్థనకు వెళ్లినప్పుడు మనలో ఎవరో ఒకరు యాకోబు మాట ఎత్తుదురు. రాహేలు కొరకు ఆయన పదునాలుగేండ్లు కాచుకొనలేదా, నీవు రెండేండ్లకే ఇంత దిగులుపడుదువేమమ్మా అందురు. వినుటకు ఆదరణగానే యుండును. అయితే గ్రంథము తెరచి చూచినయెడల అక్కడ అట్లు లేదు.

యాకోబు ఏడేండ్లు కొలువు చేసినది పెండ్లికి ముందు. లాబాను మోసముచేసి లేయాను ఇచ్చెను. ఆ పెండ్లి వారము పూర్తియైన వెంటనే రాహేలును కూడ ఇచ్చెను. రెండవ ఏడేండ్ల కొలువు యాకోబు రాహేలుతో కాపురము చేయుచునే తీర్చెను. 27 మొదలుకొని 30 వరకు వచనములను నిదానముగా చదువుడు. లాబాను ఎట్టివాడో మనకు తెలియును. అల్లుని జీతమును పదిమారులు మార్చినవాడు. అంతటివాడు సహితము, బాకీ తీరువరకు నీ భార్య నా యింటనే యుండును, నీవు పొలములో ఉండుమని అనలేదు. పెండ్లికాని వాడు పెండ్లికొరకు కాచుకొనుట ఒకటి. పెండ్లియైన ఇద్దరు ఒకరికొరకు ఒకరు కాచుకొనుట మరియొకటి. రెండవదానికి యాకోబును సాక్షిగా పిలుచుట తగదు.

కాబట్టి ఓర్చుకొమ్మని బోధించుటకు ముందు, వారు దేనిని ఓర్చుకొనుచున్నారో మనము తెలిసికొనవలెను.

అమెరికా దేశపు వలస చట్టము 1965లో మార్చబడినప్పుడు కుటుంబములు కలిసియుండుట దానిలో ఒక ముఖ్యమైన ఉద్దేశముగా పెట్టుకొనిరి. ఆ దేశపు పౌరుడైనవాని భార్యకు సంఖ్యా పరిమితి లేదు. ఆమె కాగితములు పరీక్షింపబడుటకు నెలలు పట్టును, ఒక్కొక్కప్పుడు ఏడాది దాటును. అయినను ఆమెకు వరుస అనునది లేదు. భర్తకు పౌరసత్వము లేక గ్రీన్ కార్డు మాత్రమే యున్నయెడల సంగతి వేరు. అట్టివారి భార్యలు, భర్తలు, 21 ఏండ్లలోపు పెండ్లికాని పిల్లలు, వీరందరు ఎఫ్ 2 ఏ అను తరగతిలో చేర్చబడుదురు. లోకమంతటికి కలిపి ఆ తరగతికి సంవత్సరమునకు చట్టము కేటాయించిన వీసాలు సుమారు 88,000. అడుగువారు అంతకు మించినప్పుడు వరుస ఏర్పడును. భర్త దరఖాస్తు ఆఫీసులో అందిన తేదీయే ఆమె స్థానము.

ఆ వరుస ఎంతవరకు వచ్చినదో అమెరికా విదేశాంగ శాఖవారు నెలనెలా ఒక బులెటిన్‌లో ప్రకటింతురు. మన సంఘ పత్రిక వచ్చినదా రాలేదా అని అడుగని యిండ్లలో ఆ బులెటిన్ మాత్రము ఏ నెలయు తప్పక చదువబడుచున్నది. నేను నిష్ఠూరముగా అనుటలేదు. నా భార్య సముద్రమునకు ఆవల ఉండినయెడల నేనును దానినే ముందు చదువుదును.

ఆ తేదీ ఒక నెల ముందుకు జరుగును, నాలుగు నెలలు కదలక నిలుచును, ఒక్కొక్కప్పుడు వెనుకకు పోవును. 2019 జూలైలో ఆ తరగతికి వరుసయే లేకుండపోయెను. అనేకులు స్తుతి కూడికలు పెట్టుకొనిరి. 2020 మార్చిలో కాన్సులేటులు మూతబడెను. ఏప్రిలులో గ్రీన్ కార్డుదారుల భార్యలకు సహితము వీసాలు నిలిపివేయుచు అధ్యక్షుని ప్రకటన వెలువడెను. అది రద్దగుట 2021 ఫిబ్రవరిలో. 2023 ఏప్రిలులో మరల వరుస వచ్చెను. ఇందులో ఆ భార్య చేసిన తప్పు ఏదియు లేదు, ఆ భర్త చేయక మానిన పనియు లేదు. ఇంతకుముందు ఒకమారు ఆ దేశపు శాసనకర్తలే ఈ కష్టమును గుర్తించిరి. 2000వ సంవత్సరములో వారు వి వీసా అను ఒకదానిని కల్పించి, మూడేండ్లకు పైగా వరుసలో నున్న భార్యాబిడ్డలు అక్కడికి వచ్చి భర్తయొద్దనే ఉండి కనిపెట్టుకొనవచ్చుననిరి. అయితే ఆ సంవత్సరము డిసెంబరు 21వ తేదీవరకు దరఖాస్తు పెట్టినవారికే ఆ మేలు దక్కెను. తరువాత వచ్చినవారికి ఆ ద్వారము లేదు.

ఇంకొక వింత చెప్పెదను. హెచ్-1బి వీసామీద ఉద్యోగమునకు కొంతకాలము వెళ్లినవాని భార్యకు, అతనితోకూడ వెళ్లి ఉండుటకు వేరొక వీసా ఉన్నది. దానికి ఏటేటి లెక్క లేదు. అదే మనుష్యుడు అక్కడ స్థిరనివాసియై, గ్రీన్ కార్డు చేతపట్టుకొని వచ్చి పెండ్లిచేసికొన్నయెడల అతని భార్య వరుసలో నిలువవలెను. అతిథి భార్యకు గడప తెరచియున్నది, ఇంటివాడైనవాని భార్య వీధిలో నిలిచియున్నది. పెండ్లిచూపులకు వచ్చిన పెద్దలలో ఎందరికి ఈ సంగతి తెలియును?

దంపతుల యెడబాటును గూర్చి పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయములో చెప్పిన మాటను మనము ఎక్కువగా ప్రసంగింపము. భార్యాభర్తలు ఒకరికొకరు దూరముగా నుండవలసివచ్చిన యెడల ఆయన రెండు హద్దులు పెట్టెను. మొదటిది, ఇద్దరి సమ్మతి ఉండవలెను. రెండవది, దానికి ఒక కాలము ఏర్పడియుండవలెను. ప్రార్థన కొరకైన యెడబాటుకే ఆయన ఇట్టి హద్దులు పెట్టెను. మరి ఈ దంపతులు విడిగా నుండుటకు సమ్మతించిరా? ఒకవిధముగా సమ్మతించిరనుకొందము. కాలము ఏది? దానిని ఎవడును చెప్పజాలడు. కోనసీమనుండియు, కరీంనగరు, నిజామాబాదు ప్రాంతములనుండియు గల్ఫ్ దేశములకు వెళ్లినవారి భార్యల దుఃఖము చిన్నదని నేననను. అనేక విషయములలో అది ఇంతకంటె పెద్దది. అయినను రెండేండ్ల కాంట్రాక్టు అన్నప్పుడు ఆ తల్లి నెలలు లెక్కపెట్టుకొనును. చంటిబిడ్డకు, సంక్రాంతి వెళ్లినాక మీ నాన్న వచ్చునని చెప్పగలదు. బులెటిన్ చదువు భార్య బిడ్డకు ఏమి చెప్పును? నేను చూచినంతవరకు వారిని కృంగదీయునది గడచిన యేండ్లకంటె, ఇంకను ఎన్ని యేండ్లో తెలియకుండుటయే.

ద్వితీయోపదేశకాండము 24:5 కూడ చూడుడు. క్రొత్తగా పెండ్లియైనవాడు ఒక సంవత్సరము సేనలో చేరనక్కరలేదు, ఏ పనియు అతనిమీద మోపకూడదు, ఇంటనుండి భార్యను సంతోషపెట్టవలెనని ధర్మశాస్త్రము విధించెను. చుట్టును శత్రువులున్న చిన్న జనమది, ఒక్కొక్క కత్తియు వారికి అవసరమే. అయినను రాజ్యపు అక్కరకంటె ఆ మొదటి సంవత్సరము ఆ ఇద్దరిదని ఎంచబడెను.

దేశములకు తమ ద్వారములయొద్ద కావలి పెట్టుకొను అధికారము లేదని నేను చెప్పుటలేదు. దొంగ పెండ్లిండ్లు ఉన్నవి. కార్డు కొరకు పెండ్లి, కార్డు రాగానే విడాకులు, ఇట్టివి జరిగినందుననే 1986లో అమెరికావారు ఒక చట్టము చేసి, పెండ్లియై రెండేండ్లు నిండకముందు కార్డు పొందినవారికి మొదట రెండేండ్ల షరతు కార్డు ఇచ్చి, పిమ్మట మరల విచారించుచున్నారు. ఇది న్యాయమే, నిజమైన దంపతులు పరీక్షకు వెరవనక్కరలేదు. అయితే పరీక్షించుట వేరు, లెక్కకొరకు నిలువబెట్టుట వేరు. దరఖాస్తు ఆమోదించి, ఈ పెండ్లి నిజమేనని వ్రాసియిచ్చిన తరువాత కూడ ఆగుమన్నప్పుడు తూచబడుచున్నది పెండ్లి కాదు, భర్త జేబులోని కార్డు. సాధారణముగా కార్డు వచ్చిన ఐదేండ్లకు అతడు పౌరసత్వమునకు అర్హుడగును. పౌరుడైన నాడు భార్య వరుసలోనుండి తీసివేయబడును. ఆ దినమున వారి వివాహము క్రొత్తగా నిజమైనదా? మన సంఘములో వారు చేసిన ప్రమాణము నాడెంత నిజమో నేడును అంతే. ఇంగ్లండులోను ఇట్టి సంగతియే, అక్కడ కొలబద్ద సొమ్ము. భార్యను రప్పించుకొనుటకు సంవత్సరమునకు 18,600 పౌండ్ల ఆదాయము ఉండవలెనని 2012లో నియమించిరి, 2024 ఏప్రిలులో దానిని 29,000కు పెంచిరి. అంత జీతము లేని నర్సమ్మకు భర్తమీద ప్రేమ తక్కువయని ఎవరనగలరు?

తెలిసి చేసికొన్నారు గదా, ఇప్పుడు ఏడ్చుట యేల అని కొందరందురు. ఈ మాటలో సగము నిజము లేకపోలేదు, అయితే ఆ సగము పెద్దలకు చెందును. అబ్బాయి మూడు వారముల సెలవుమీద దిగును. చూపులు, మాటలు, మూడు ఆదివారముల ప్రకటన, పెండ్లి, తిరుగు విమానము. ఈలోగా మనము అతని జీతమడుగుదుము, ఇల్లున్నదా కారున్నదా అని అడుగుదుము. బాబూ, నీయొద్ద ఏ కాగితమున్నది, మా అమ్మాయి నీతోకూడ ఎప్పుడు రాగలదు అని అడుగువారు అరుదు. అడిగినయెడల సంబంధము తప్పిపోవునని భయము. ఈ ప్రశ్న అడుగవలెను. జవాబు ఆలస్యమని తెలిసికూడ అమ్మాయి ఒప్పుకొన్నయెడల అది ఆమె సమ్మతి, పౌలు కోరిన మొదటి హద్దు అదియే.

ఇక శోధన మాట. వరుస కదలనప్పుడు దళారి వచ్చి, విజిటరు వీసాకు పెట్టుడి, పెండ్లి మాట ఎత్తకుడి, చుట్టమును చూడ వెళ్లుచున్నానని చెప్పుడి అనును. మీ తరఫున ఎవరైనను వలస దరఖాస్తు పెట్టిరా అను ప్రశ్న ఆ ఫారములో ఉండును. లేదని వ్రాయుమనును. ఇది క్రొత్త ఉపాయమేమి కాదు. కరవుకాలమున ఐగుప్తు పొలిమేర చేరినప్పుడు అబ్రాము తన భార్యతో, నీవు నా చెల్లెలవని చెప్పుమనెను. దేశపు ద్వారమునొద్ద భయపడిన భర్త పెండ్లిని దాచిపెట్టెను. దాని ఫలముగా అతనికి గొఱ్ఱెలు, ఒంటెలు దొరికెను, శారయి మాత్రము ఫరో యింటికి తీసికొనిపోబడెను. అబద్ధమాడుమని చెప్పినది భర్త, దాని వెల చెల్లించినది భార్య. నేటికిని అంతే. అబద్ధము బయటపడినయెడల ఆమె పేరిట ఆ దేశపు తలుపు శాశ్వతముగా మూయబడవచ్చును. దానిని తెరిపించుకొనుట బహు కష్టము. చట్టము కఠినమైనదని మనము గట్టిగా చెప్పవచ్చును, చెప్పవలెను. దానికి అబద్ధముతో జవాబు చెప్పుటకు మనకు సెలవులేదు.

మరియొక అబద్ధమును గూర్చి భర్తలకు చెప్పుచున్నాను. కొందరు దరఖాస్తే పెట్టక, కాగితములు ఆలస్యమగుచున్నవని ఏండ్లతరబడి నమ్మించుదురు. వరుస పొడుగు అట్టివారికి మంచి చాటు. దరఖాస్తు అందగానే ఆ ఆఫీసువారు ఒక రసీదు ఇత్తురు. మూడు అక్షరములు, పది అంకెలు కలిగిన నంబరు దానిమీద ఉండును. ఆ నంబరుతో ఎవరైనను, మన ఊరినుండియైనను, దరఖాస్తు ఏ స్థితిలో నున్నదో ఫోనులోనే చూచుకొనవచ్చును. తల్లిదండ్రులారా, ఆ రసీదు మీ అమ్మాయి చేతిలో ఉండనీయుడి. యథార్థవంతుడైన అల్లుడు దానికి కోపపడడు.

కనిపెట్టుకొనియున్న ఆడబిడ్డలను కట్టిపెట్టిన ప్రయాణపు మూటవలె ఒక మూల కూర్చుండబెట్టకుడి. ఎప్పుడైనను పిలుపు రావచ్చునని చదువు మాన్పించుట, ఉద్యోగము వద్దనుట, పుట్టింట కొన్ని నెలలు అత్తింట కొన్ని నెలలు తిప్పుట నేను చూచుచున్నాను. ఈ యేండ్లు ఆమె కాపురములోనివే, ఆమె ఆయుస్సులోనివే. ఆమె బి.యిడి. చదువనీయుడి, బ్యాంకులో తన పేరిట ఖాతా పెట్టుకొననీయుడి. న్యూయార్కుకును మనకును తొమ్మిదిన్నర, చలికాలములో పదిన్నర గంటల తేడా. ఆమె తెల్లవారుజామున లేచి భర్తతో మాటలాడుచుండగా, అంతసేపు ఏమి మాటలని అత్తగారు విసుగుకొనకూడదు. వారికున్న కాపురము అంతే. ఆదివారము గుడి మెట్లమీద, ఇంకా రాలేదామ్మా అని పదిమంది అడుగుట మానుకొందము. వచ్చిననాడు ఆమెయే చెప్పును.

పాస్టరులమైన మన పని కూడ కొంత ఉన్నది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము మనము వ్రాయు రిజిస్టరే ఆ దరఖాస్తుకు ఆధారము. మన జనులలో బాప్తిస్మపు పేరొకటి, బడిలో పేరొకటి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, మరియొకచోట ఒక్క అక్షరముగానే యుండును. పాస్‌పోర్టులో ఒకటి, రిజిస్టరులో ఒకటి ఉన్నయెడల, ఈ ఇద్దరు ఒక్కరేనని ఋజువు పంపుమని అక్కడినుండి ఉత్తరము వచ్చును, నెలలు గడచును. గనుక పెండ్లినాటికి వధూవరులు ఇద్దరును పాస్‌పోర్టులు, పదవ తరగతి సర్టిఫికెట్లు తీసికొనిరావలెనని మా సంఘములో నియమించితిమి. వాటిని ప్రక్కన పెట్టుకొని, అక్షరము అక్షరము సరిచూచి, పిమ్మటనే సాక్షులచేత సంతకములు చేయించుచున్నాను.